గతిశక్తి, స్థితిశక్తి లెక్క తప్పిందా? తేడా ఎన్ని రెట్లో చూడండి

పుస్తకం వెనకున్న జవాబుతో మీది కలవకపోతే వెంటనే కొట్టేయొద్దు. మీ జవాబును ఆ జవాబుతో భాగించండి. తప్పు ఎక్కడ పడిందో చాలాసార్లు ఆ అంకే చెప్పేస్తుంది. అనంతపురంలో తొమ్మిదో తరగతి పిల్లలతో నేను ముందు చేయించే పని ఇదే.

దాదాపు 13 రెట్లు ఎక్కువొచ్చింది

వేగాన్ని గంటకు కిలోమీటర్లలోనే వదిలేశారు. కర్నూలు రోడ్డు మీద 10,000 కిలోల బస్సు గంటకు 72 కి.మీ. వేగంతో పోతోందనుకోండి. 72ను 3.6తో భాగిస్తే సెకనుకు 20 మీటర్లు. గతిశక్తి, అంటే కదిలే వస్తువుకుండే శక్తి, ½ × ద్రవ్యరాశి (కిలోలు) × వేగం × వేగం: ½ × 10,000 × 20 × 20 = 20,00,000 జౌళ్లు. 72నే పెడితే 2,59,20,000 వస్తుంది. సూత్రంలో వేగానికి వర్గం ఉంది కాబట్టి 3.6 కూడా రెండుసార్లు పడింది: 12.96. ఈ వర్గం సంగతి బాగా పట్టించుకోండి. బస్సు వేగం సగమైతే శక్తి నాలుగో వంతుకు, 5,00,000కు పడిపోతుంది. బ్రేకు వేసినప్పుడు బండి ఆగే దూరం తగ్గేదీ అందుకే.

సరిగ్గా 2 రెట్లు

½ మరిచారు.

9.8 రెట్లు

భారం ఇస్తే దాన్ని మళ్లీ 9.8తో, అంటే గురుత్వ త్వరణంతో, గుణించారు. 40 కిలోల శెనక్కాయల మూటను 1.5 మీటర్ల ఎత్తున్న లారీలోకి ఎక్కిస్తే స్థితిశక్తి, అంటే ఎత్తు వల్ల వచ్చే శక్తి, 40 × 9.8 × 1.5 = 588 జౌళ్లు. లెక్కలో "392 న్యూటన్ల భారం" అని ఉంటే 9.8 అందులోనే కలిసి ఉంది, ఎత్తుతో గుణిస్తే చాలు. మార్కెట్ యార్డులో కిలోలనే బరువంటాం కదా, పిల్లలు తడబడటం సహజమే.

అదే మూటను 3 మీటర్ల వాలుపలక మీద నెట్టి ఎక్కించినా ఎత్తు 1.5 మీటర్లే. పలక పొడవు పెడితే 1,176 వస్తుంది.

2 శాతమే తేడా ఉంటే మీ తప్పేం లేదు. పుస్తకంలో 9.8 బదులు 10 తీసుకుని ఉంటారు.

ద్రవ్యరాశి ఇవ్వలేదు, లెక్క ఆగిపోయింది

20 మీటర్ల లోతు బావిలోకి రాయి వదిలారు, అడుగున వేగమెంత? గాలి నిరోధం లేదనుకుంటే పైనున్న స్థితిశక్తంతా అడుగున గతిశక్తి అవుతుంది. రెండు పక్కలా ద్రవ్యరాశి ఉంది, కొట్టేయండి. వేగం √(2 × 9.8 × 20), అంటే సెకనుకు 19.8 మీటర్లు. సగం లోతులో వేగం 9.9 అని రాసేస్తుంటారు. కాదు, 14. అక్కడ సగమైంది గతిశక్తి.