మృగశిర రాకముందే టేకు తలుపు పని ముగించండి

పాలిష్ చేయని టేకు చెక్క మీద గోరు అడ్డంగా గీసి చూడండి, సన్నటి గాడులు తగులుతాయి. చెట్టు బతికున్నప్పుడు నీళ్ళు పైకి మోసిన గొట్టాలవి. కోతలో పొడవునా తెరుచుకుంటాయి. రోజ్‌వుడ్‌లోనూ ఉంటాయి. అద్దంలాంటి నునుపు కావాలంటే వాటిని లప్పంతోనే పూడ్చాలి. పాలిష్ మీద పాలిష్ ఎక్కిస్తే మొదటి వారం బాగానే కనిపిస్తుంది. తర్వాత థిన్నర్ పూర్తిగా ఆరేకొద్దీ పొర కుంగి గాడులు మళ్ళీ తేలతాయి.

మనలో చాలామంది శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకుని, ఆషాఢంలో పాలిష్ మేస్త్రీ కోసం పరుగెడతారు. అసలు చిక్కంతా అక్కడే. స్పిరిట్ గానీ థిన్నర్ గానీ ఆవిరయ్యేటప్పుడు చెక్క పైభాగం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది ఆ పొరలోకి దిగి పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. లక్క పాలిష్‌కీ, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్‌కీ ఇదే గతి. హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురెథేన్) పాలిష్ అయితే తేమతో కలిసి బుడగలు కడుతుంది. గాలిలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి కొనుక్కోండి. తేమ 80 శాతం దాటిన రోజు డబ్బా మూత తీయకండి.

అలాగని రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండలోనూ పూయకూడదు. చెక్క వేడెక్కితే గాడుల్లోని గాలి ఉబ్బి, తడి పొరను పొడుచుకుని పైకి వస్తుంది. తలుపును కీళ్ళ నుంచి ఊడదీసి, నీడలో బల్లల మీద పడుకోబెట్టి, సాయంత్రం చెక్క చల్లబడుతున్నప్పుడు పూయండి.

లప్పం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మా తలుపుకి వట్టి చాక్ పొడి లప్పమే పూశారు, రంగు కలపలేదు. ఏడాది తిరక్కుండా టేకు ముదురు రంగుకు తిరిగింది, గాడుల్లో మాత్రం సున్నం గీతల్లా తెల్లగా మిగిలింది. మళ్ళీ చెక్క దాకా గీకించాల్సి వచ్చింది. అందుకే లప్పం చెక్క కంటే ఒక పిసరు ముదురుగా ఉండాలి. చెక్క మీద స్పిరిట్ గుడ్డతో తుడిస్తే పాలిష్ తర్వాత రాబోయే రంగు కనిపిస్తుంది, దానితో పోల్చుకోండి. ముందు 100, 150, 180 నంబర్ల సాండ్ పేపర్లు వరసగా, చారల వెంటే రుద్దాలి. గాడుల్లో ఇరుక్కున్న పొడిని గట్టి బ్రష్‌తో దులిపి, థిన్నర్ గుడ్డతో తుడవాలి. టేకులో సహజంగా ఉండే నూనె పాలిష్‌ని సరిగా పట్టనివ్వదు. లప్పాన్ని గోనెపట్టాతో చారలకు అడ్డంగా రుద్ది ఎక్కించి, మిగిలింది కూడా అడ్డంగానే తుడవండి. నిలువుగా తుడిస్తే నింపినదంతా గుడ్డతో పాటే వచ్చేస్తుంది. కనీసం ఒక రాత్రి ఆరనిచ్చి 220తో తేలిగ్గా రుద్దాక గోరు మళ్ళీ గీసి చూడండి. సాధారణంగా రెండో విడత తప్పదు. మేస్త్రీ "ఒక్కసారి చాలు సార్" అంటే నమ్మకండి.

చెక్క ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే వర్గీకరించింది. ముక్కుకి కట్టిన తువ్వాలు చాలదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి, మేస్త్రీకీ ఇవ్వండి. థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువు, నేల వెంట పాకుతుంది. పని నడిచే రోజుల్లో గడప దగ్గర దీపం, అగరొత్తులు వద్దు. పాలిష్ స్పిరిట్‌ని మంచినీళ్ళ సీసాలో పోసి ఉంచడం మరీ ప్రమాదం, అందులో విషమైన మిథనాల్ ఉండొచ్చు. అవిసె నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతటవే అంటుకోవచ్చు. నీళ్ళ డబ్బాలో ముంచండి.

తలుపు అడుగు అంచు, పై అంచు, తాళం కోసిన రంధ్రం ఎవరికీ కనిపించవు కాబట్టి ఎవరూ పూయరు. వాన నీళ్ళు పీల్చేది అవే. తలుపు బిగుసుకుందని వడ్రంగి చిత్రిక పడతాడు, వేసవికి సందు పడుతుంది. గడప గాడులు కూడా నింపించండి, లేకపోతే శుక్రవారం పసుపు కుంకుమలు అందులోనే ఉండిపోతాయి.

ముహూర్తం ఇప్పటికే ఖాయమైతే, తెరిపి ఇచ్చిన రోజు చూసి లప్పం, సీలర్ (పాలిష్‌కి ముందు వేసే అడుగు పొర) వరకే కానిచ్చుకోండి. ఆఖరి కోటు తెలంగాణలో కార్తీకానికి వేయించుకోవచ్చు. కోస్తాలో అప్పటికి ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి, సంక్రాంతి దాకా ఆగాల్సిందే.