లోపలి పేజీలకు వెళ్లేకొద్దీ లిస్టు నత్తనడక: ఆఫ్‌సెట్ తీసేశాను

డేటాబేస్ రికార్డులను పేజీలుగా చూపే లిస్టులో మొదటి పేజీ ఠక్కున వస్తుంది, లోపలికి వెళ్లేకొద్దీ మొరాయిస్తుంది. లిమిట్ (ఎన్ని వరుసలు కావాలి) 50, ఆఫ్‌సెట్ (ముందు ఎన్ని వదిలేయాలి) 2,00,000 అంటే డేటాబేస్ నేరుగా అక్కడికి దూకదు. ముందున్న 2 లక్షల వరుసలూ చదివి, పారేసి, తర్వాతి 50 ఇస్తుంది. ఇండెక్స్ (వరుసలను త్వరగా వెతికే క్రమ పట్టిక) ఉన్నా అంతే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో, క్వెరీ ఎలా నడిచిందో దశలవారీగా చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ పెడితే లిమిట్ కింది నోడ్‌లో (దశలో) 2,00,050 వరుసలు కనిపిస్తాయి.

ఆఫ్‌సెట్ తీసేసి, పేజీలో చివరి వరుస విలువలనే తర్వాతి పేజీకి కర్సర్‌గా (ఎక్కడ ఆగామో చెప్పే గుర్తుగా) పంపాను. తేదీ కాలమ్ ఒక్కటే చాలదు. ఒకే సమయం ఉన్న రికార్డులు పేజీల మధ్య జారిపోతాయి, కాబట్టి ఐడీ కూడా కావాలి. తేదీ, ఐడీ జంట కర్సర్‌లోని జంట కంటే చిన్నదై ఉండాలి, రెండూ డిసెండింగ్ (పెద్ద నుంచి చిన్నకు) క్రమంలో, ఆ రెంటి మీదా ఒకే ఇండెక్స్. స్టేటస్ ఫిల్టర్ ఎప్పుడూ ఉండేదైతే ఇండెక్స్‌లో అది ముందుండాలి. తేదీ కాలమ్‌లో నల్ (ఖాళీ విలువ) ఉండకూడదు, ఉంటే పోలిక కుదరక వరుసలు చప్పుడు లేకుండా మాయం కావచ్చు.

అసలు చిక్కు ఇక్కడ: పోస్ట్‌గ్రెస్ సమయాన్ని మైక్రోసెకన్ల దాకా నిల్వ చేస్తుంది, జావాస్క్రిప్ట్ డేట్ మిల్లీసెకన్ల దగ్గరే కోసేస్తుంది. కర్సర్ దాని గుండా వెళ్తే 10:15:02.123456 కాస్తా .123 అవుతుంది, మధ్యలో పడ్డ వరుసలు ఎగిరిపోతాయి. లోకల్‌లో కొద్దిపాటి డేటాతో ఇది బయటపడదు. సమయాన్ని డేటాబేస్‌లోనే టెక్స్ట్‌గా మార్చి, మళ్లీ అలాగే పంపాలి.

'తర్వాత' బటన్ కోసం 51 వరుసలు అడిగి 50 చూపిస్తే సరి, మొత్తం కౌంట్ అక్కర్లేదు. 347వ పేజీకి నేరుగా వెళ్లడం మాత్రం పోతుంది. అది అడిగేవాళ్లకు నిజానికి కావలసింది తేదీ ఫిల్టరే.