రొయ్యల ప్లాంటు ఈటీపీ: లీటరు జాడీతో స్లడ్జ్‌ను పట్టుకోవడం

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఈటీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) ఏరేషన్ ట్యాంకు, అంటే గాలి ఊది బ్యాక్టీరియాతో మురుగును తినిపించే ట్యాంకు, చూసుకునేవాళ్ళకు రోజువారీ పనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. చెరువుగట్టున వాడే డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) మీటరు, గీతలున్న లీటరు జాడీ ఉంటే చాలు. ఎంఎల్‌ఎస్‌ఎస్ (ట్యాంకు నీళ్ళలో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల స్లడ్జ్, అంటే బ్యాక్టీరియా బురద, ఉందో) మాత్రం వారానికోసారైనా కట్టించుకోండి.

రోజూ ఒకే వేళకు, బ్లోయర్ నడుస్తుండగా, నీళ్ళు క్లారిఫయర్‌లోకి (స్లడ్జ్ అడుగుకు దిగి తేటనీళ్ళు పైన మిగిలే ట్యాంకు) పోయేచోట నమూనా తీయండి. వెంటనే జాడీలో లీటరు గీత దాకా పోసి, ఎండ, కుదుపు తగలని చోట పెట్టండి. 30 నిమిషాలకు స్లడ్జ్ ఏ గీత దగ్గరుందో చూసి, దాన్ని 1000తో గుణించి ఎంఎల్‌ఎస్‌ఎస్‌తో భాగిస్తే ఎస్‌వీఐ (స్లడ్జ్ ఎంత బాగా దిగుతోందో చెప్పే సూచిక) వస్తుంది. గీత 300, ఎంఎల్‌ఎస్‌ఎస్ 3000 అయితే ఎస్‌వీఐ 100; బాగున్నట్టే. 150 దాటితే అనుమానించండి.

గీత 800 దగ్గరే నిలిచిపోతే చాలామంది బల్కింగ్ (స్లడ్జ్ ఉబ్బి కిందికి దిగకపోవడం) అనుకుని క్లోరిన్ అందుకుంటారు. ఆగండి. ట్యాంకు నీళ్ళు అర లీటరు, శుద్ధయిన నీళ్ళు అర లీటరు కలిపి మళ్ళీ పెట్టండి. ఈసారి 200కి దిగితే స్లడ్జ్ మరీ ఎక్కువైందంతే, వేస్టింగ్ (అదనపు స్లడ్జ్ తీసేయడం) పెంచాలి. 400 దగ్గరే ఆగితే అది నిజంగా బల్కింగ్: పోగుల్లాంటి బ్యాక్టీరియా పెరిగి రేణువుల్ని దగ్గరపడనివ్వడం లేదు. ఆక్సిజన్ చాలకపోవడం, రొయ్య తలకాయల నీళ్ళు సంపులో రాత్రంతా కుళ్ళడం తరచుగా కనబడే కారణాలు.

వేస్టింగ్ కంటిచూపు మీద చేయకండి. 100 ఘనమీటర్ల ట్యాంకులో ఎంఎల్‌ఎస్‌ఎస్ 3500 ఉంటే మొత్తం స్లడ్జ్ 350 కిలోలు. స్లడ్జ్‌కు 15 రోజుల వయసు (ట్యాంకులో సగటున ఉండే కాలం) కావాలంటే రోజుకు 23 కిలోలు తీయాలి. రిటర్న్ లైనులో (క్లారిఫయర్ అడుగు స్లడ్జ్‌ను తిరిగి ట్యాంకుకు పంపే గొట్టం) చిక్కదనం లీటరుకు 8000 మిల్లీగ్రాములు ఉంటే అది సుమారు 3 ఘనమీటర్లు. వారం రోజులది ఒక్కరోజే లాగేస్తే ట్యాంకు తెల్లటి నురగ కక్కుతుంది.

డీవో లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర నిలపండి. లోడు ఎక్కువున్న వేళ, రెండుమూడు చోట్ల కొలవండి. నీళ్ళు 30 డిగ్రీలకు చేరితే వాటిలో పట్టే ఆక్సిజనే లీటరుకు 7.5 మిల్లీగ్రాములు, ఉప్పుంటే ఇంకా తక్కువ. డిసెంబరులో సరిపోయిన బ్లోయర్ మేలో చాలకపోవడం అందుకే. పైగా రొయ్య మాంసకృత్తుల నుంచి వచ్చే ఒక కిలో అమ్మోనియా నైట్రోజన్ నైట్రేటుగా మారడానికి 4.57 కిలోల ఆక్సిజన్, 7 కిలోలకు పైగా ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే క్షారగుణం) ఖర్చవుతాయి. పీహెచ్ 6.5 కిందికి జారుతుంటే సున్నం కొద్దికొద్దిగా వేయండి. యూరియా మాత్రం వద్దు: బ్యాక్టీరియాకు వంద పాళ్ళ బీవోడీకి (మురుగును తినడానికి వాటికి పట్టే ఆక్సిజన్ లెక్క) 5 పాళ్ళ నైట్రోజన్ చాలు, ఈ నీళ్ళలో అంతకంటే ఎక్కువే ఉంటుంది.

చెరువులో ఏరేటరు ఆగితే తెల్లారేసరికి రొయ్యలు తేలతాయి కాబట్టి అందరూ పరుగెత్తుతారు. ఇక్కడ ఒక డిఫ్యూజర్ (ట్యాంకు అడుగున గాలిబుడగలు వదిలేది) మూసుకుపోయినా ఎవరూ కదలరు. కొత్తలో బ్లోయర్ గేజి ఎంత చూపిందో గోడ మీద రాసి ఉంచండి. నీటిమట్టం, గాలి మారకుండానే ప్రెషర్ పెరుగుతోందంటే డిఫ్యూజర్ మెంబ్రేన్‌కు (రంధ్రాలున్న పొర) కొవ్వో పాచో పట్టినట్టే.

30 నిమిషాల లెక్కయ్యాక జాడీని పారబోయకుండా ఇంకో రెండు గంటలు అలాగే ఉంచండి. చక్కగా దిగిన స్లడ్జ్ బుడగలతో పెళ్ళలుగా పైకి లేస్తే, నైట్రేటు నుంచి నైట్రోజన్ వాయువు పుడుతోందన్నమాట. ఆ పెళ్ళలే రేపు క్లారిఫయర్ అంచు దాటి డ్రెయిన్‌లో పడతాయి. రిటర్న్ పంపు వేగం ఆ పూటే పెంచి, స్లడ్జ్ క్లారిఫయర్ అడుగున నిలవుండకుండా చూడండి.