పోడు వదిలిన కొండవాలు మళ్ళీ అడవి కావడానికి ఎలా తోడ్పడాలి?

నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే రైలు పర్లాకిమిడి దాటాక, కిటికీలోంచి కొండలను చూసేవారికి ఒకే వాలు అతుకుల బొంతలా కనిపిస్తుంది. ఈ ఏడు పోడు సాగు కోసం చెట్లు కొట్టి కాల్చిన చెక్క, అంటే నేల తునక, నల్లగా ఉంటుంది, కందీ సామా ఉన్న చెక్క లేతగా ఉంటుంది, నాలుగేళ్ళ కిందట వదిలేసిన చెక్క కాలు పెట్టలేనంత గుబురుగా ఉంటుంది, ఎవరూ ముట్టని శిఖరం దగ్గర మాత్రం ముదురు పచ్చ మిగిలి ఉంటుంది. ఒకే నేల కాలక్రమంలో ఒక రకం మొక్కల చేతిలోంచి మరో రకం చేతిలోకి ఇలా మారుతూ పోవడాన్ని పాఠ్యపుస్తకాలు జీవావరణ అనుక్రమం అంటాయి. పోడు మానేసిన చెక్క ఒకటి మీ ఊరి చేతిలో ఉండి, దాన్ని మళ్ళీ అడవిగా చూడాలనుకుంటే ఏ పని ముందు, ఏ పని తరువాత చేయాలో ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల కొండలను దృష్టిలో పెట్టుకొని ఇక్కడ వివరిస్తున్నాను. వీటిలో మొక్కలు నాటే పని చాలా వెనక వస్తుందని ముందే చెప్పడం మంచిది.

చెక్క చరిత్ర అడగడం

మొదట చేయవలసింది ఆ చెక్కను ఇదివరకు సాగుచేసిన సవర లేదా కోదు గిరిజన కుటుంబంలోని పెద్దవారితో కలిసి అక్కడికి నడిచి వెళ్ళడం. ఎన్నేళ్ళు పంట వేశారు, ఎన్నిసార్లు కాల్చారు, ఆఖరి పంట ఏది, వదిలి ఎన్నేళ్ళయింది, కొట్టక ముందు అక్కడ ఏ చెట్లుండేవి అన్న అయిదు ప్రశ్నలకు జవాబులు నోటు పుస్తకంలో రాసుకోవాలి. అనుభవం మీద చెబుతున్నాను, ఈ అయిదింటిలో అన్నిటికన్నా విలువైనది రెండోది. ఒకటి రెండుసార్లు కాలిన నేలలో వేళ్ళు బతికి ఉంటాయి గాని, ఏటేటా కాలిన నేలలో అవి క్రమంగా సత్తువ కోల్పోతాయి. పోడును తప్పుపట్టడం ఇక్కడ నా ఉద్దేశం కాదు. వెనకటి రోజుల్లో రెండు మూడు పంటలు తీసి పది పదిహేనేళ్ళు వదిలేసేవారు కాబట్టి అడవి తేరుకునేది. ఆ విరామం ఇప్పుడు చాలా చోట్ల మూడు నాలుగేళ్ళకు కుదించుకుపోయింది, చిక్కు అక్కడే వచ్చింది.

అడవి భూమి అయితే గ్రామసభతోనూ, వన సురక్షా సమితి (ఊరి అడవి కాపలా సంఘం)తోనూ, ఫారెస్టు సిబ్బందితోనూ మాట్లాడకుండా గునపం పట్టకూడదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద ఊరికి సామూహిక హక్కు వచ్చి ఉంటే ఆ అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకే ఉంటుంది కనుక అక్కడి నుంచే మొదలుపెట్టడం సులువు.

మట్టి మిగిలిందా, పోయిందా?

తరువాత తేల్చుకోవలసింది ఇదే, ఎందుకంటే మిగతా పనులన్నీ దీని మీద ఆధారపడి ఉంటాయి. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కుండపోతగా వాన పడి, కొండచరియలు విరిగి ప్రాణనష్టం కూడా జరిగింది. అలా చరియ జారిన చోట మట్టి, వేళ్ళు, విత్తనాలు సమస్తం కొట్టుకుపోయి రాయి బయటపడుతుంది. అక్కడ బతుకు మొదటి నుంచి మొదలు కావాలి, దాన్ని ప్రాథమిక అనుక్రమం అంటారు. ఆ రాతి మీదికి మొట్టమొదట వచ్చేవాటిలో లైకెన్లు ముఖ్యమైనవి. మనం మసాలాలో వేసుకునే రాతిపువ్వు ఆ కోవకు చెందినదే. శిలీంధ్రమూ శైవలమూ కలిసి కాపురం చేసే ఈ జీవి తన ఆమ్లాలతో రాతిని కొంచెం కొంచెంగా గుల్ల చేస్తుంది. పగుళ్ళలో దుమ్ము నిలిచి, నాచు పట్టి, గడ్డిపోచ వేరు దించేదాకా మనిషి ఓపిక చాలదు. అలా చరియ జారిన మచ్చ నడిబొడ్డున చెట్లు నాటడం డబ్బు దండగ. మచ్చకు అడ్డంగా రాళ్ళ కట్టలు పేర్చి జారే మట్టిని ఆపి, మట్టి పోగుపడిన అడుగు భాగంలో వెదురు పెట్టి, పై భాగాన్ని దాని మానాన వదిలేయడమే నేను సూచించేది. పచ్చదనం అడుగు నుంచీ అంచుల నుంచీ లోపలికి పాకుతుంది.

పోడు చెక్క సంగతి వేరు. అక్కడ పైన బోడిగా కనిపించినా మట్టి ఉంది, అందులో మోళ్ళు, వేళ్ళు, నిద్రపోతున్న విత్తనాలు ఉన్నాయి. ఇది ద్వితీయ అనుక్రమం, ఎన్నో రెట్లు వేగంగా నడుస్తుంది. ఏ ఏడు ఏమి వస్తుందో తెలుసుకోవడానికి పదిహేనేళ్ళు కూర్చోనక్కరలేదు. అదే కొండ మీద ఒకే వైపు తిరిగి ఉన్న, వేర్వేరు ఏళ్ళలో వదిలేసిన చెక్కలను నాలుగింటిని ఎంచుకొని వరుసగా నడిస్తే సరిపోతుంది. హెన్రీ కౌల్స్ అనే వృక్షశాస్త్రవేత్త అమెరికాలోని మిషిగన్ సరస్సు ఒడ్డున నీటి అంచు నుంచి పాత ఇసుక దిబ్బల వైపు నడుస్తూ, కొత్త ఇసుక ముదురు అడవిగా మారే క్రమాన్ని ఈ పద్ధతిలోనే చదివి 1899లో ప్రచురించాడు. మనకు అంత దూరం అక్కరలేదు, వంశధార మధ్యలో కొత్తగా తేలిన ఇసుక మేటను, దాని మీద పొడిచిన రెల్లును, ఒడ్డున ఉన్న పాత మేట మీది తుమ్మ పొదలను ఒక్క పూటలో చూసి రావచ్చు. వరద వచ్చి ఆ రెల్లును తుడిచిపెట్టేస్తే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది.

మన కొండవాలు మీద సుమారుగా కనిపించే క్రమం ఇది. మొదటి రెండేళ్ళు గడ్డి, ఏకవార్షిక కలుపు, వాటి మధ్య మోళ్ళ పిలకలు ఉంటాయి. మూడో ఏటి నుంచి కొడిశపాల, పరికి, రేగు, దురదృష్టవశాత్తూ లాంటానా అనే పరదేశీ పొద కమ్ముకుంటాయి. ఎనిమిది పదేళ్ళకు మద్ది, తునికి, మోదుగ, బండారు వంటివి పొదలను దాటి పైకి వస్తాయి. ఆ తరువాత నీడ చిక్కబడి ఎండ కోరే మొక్కలు తగ్గి, నీడలో మొలవగలిగినవి తల ఎత్తుతాయి. ప్రతి నేలా చివరికి ఒక నిర్ణీత చరమ దశకు చేరుతుందని 1916లో అమెరికా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ క్లెమెంట్స్ బలంగా వాదించాడు. ప్రతి మొక్కా తన అదృష్టం కొద్దీ, తన అవసరం కొద్దీ వచ్చి చేరుతుందని 1926లో మరో వృక్షశాస్త్రవేత్త హెన్రీ గ్లీసన్ దానికి అడ్డుచెప్పాడు. పక్కపక్కనే ఉన్న రెండు పోడు చెక్కలు పదేళ్ళ తరువాత రెండు రకాల అడవులుగా కనిపించడం చూసిన నేను గ్లీసన్ వైపే మొగ్గుతాను. కాబట్టి పై క్రమాన్ని రైలు టైంటేబుల్‌లా పట్టుకోకూడదు.

మోళ్ళు లెక్కపెట్టడం

ఒకసారి వానలకు ముందు నా చేతుల మీదుగానే ఒక పెద్ద పొరపాటు జరిగింది. గుణుపురం అవతల ఒక చెక్కలో మిత్రులతో కలిసి మూడు వందల గోతులు తవ్వించి నేరేడు, పనస, ఉసిరి మొక్కలు నాటించాను. గోతులకు అడ్డొస్తున్నాయని మోకాలెత్తు పొదలన్నిటినీ నరికించాను. రెండో వేసవికి నాటిన వాటిలో చాలా మటుకు ఎండిపోయాయి. నరికించిన పొదలు మాత్రం అంతకంత గుబురుగా లేచాయి, దగ్గరికి వెళ్ళి చూస్తే అవి పొదలు కావు, తునికి, మద్ది మోళ్ళ నుంచి వచ్చిన పిలకలు. నేను నాటాలనుకున్న అడవిని నేనే కొట్టించానన్నమాట.

అందువల్ల మూడో పనిగా లెక్క తీయాలి. తాడుతో పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉండే గడిని కట్టి, దానిలోని ప్రతి మోడునూ, ప్రతి చెట్టు జాతి మొలకనూ పేరుతో రాసుకోవాలి. వాలు పైన, నడుమ, కింద కలిపి కనీసం ఆరు గడులైనా చూడాలి. గడి అంటే వంద చదరపు మీటర్లు, హెక్టారులో అలాంటివి వంద ఉంటాయి. గడికి సగటున ఏడెనిమిది బతికిన మోళ్ళు లేదా మొలకలు ఉంటే, అంటే హెక్టారుకు ఏడెనిమిది వందలుంటే, అక్కడ మొక్కలు నాటే అవసరం లేదని నా అంచనా.

గుగ్గిలం మొలకలను లెక్కించేటప్పుడు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. ఒడియావారు సాల అనే ఈ చెట్టు మొలక పైభాగం ఎండకో మంటకో చనిపోయి, వానలకు మళ్ళీ చిగిర్చి, మరుసటి వేసవిలో మళ్ళీ చనిపోతూ ఏళ్ళ తరబడి నెట్టుకొస్తుంది. అంతకాలమూ వేరు మాత్రం లోపల బలుస్తూనే ఉంటుంది. జానెడు కాడతో, నాలుగు ఆకులతో నిన్ననో మొన్ననో మొలిచినట్టున్న ఒక మొలక పక్కన మట్టిని వేళ్ళతో తీసి చూస్తే, కాడ పుల్లంత ఉండగా వేరు బొటనవేలిని మించి లావుగా తగిలింది. కాడను చూసి దాని వయసు చెప్పలేము. రెండు మూడేళ్ళు నిప్పూ పశువూ తగలకుండా చూస్తే, అదే మొలక ఒక్క వానాకాలంలో మనిషెత్తు లేచిపోగలదు.

దీనితో పాటే నేల పరీక్ష కూడా చేసుకోవచ్చు. రెండు వైపులా మూత తీసేసిన డబ్బాను నాలుగు వేళ్ళ లోతు నేలలోకి దించి, దానిలో లీటరు నీళ్ళు పోసి, ఇంకడానికి ఎంతసేపు పడుతుందో గడియారంతో చూసి రాయాలి. పశువులు తొక్కిన నేలలో నీళ్ళు నిలిచిపోతాయి, ఆకు కుళ్ళిన నేలలో చూస్తుండగానే దిగిపోతాయి. ఏటా అదే నెలలో, అదే చోట చేస్తేనే ఈ అంకెకు అర్థం ఉంటుంది.

నిప్పు, మంద

నాలుగో పని కాపలా. వేసవిలో ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకును కాల్చుతారు, తునికి ఆకు లేతగా రావాలని పొదలకు నిప్పు పెడతారు. అది వారి బతుకుతెరువు కాబట్టి నిషేధం పెట్టి లాభం లేదు. ఇప్పచెట్ల కింద ఊడ్చి శుభ్రం చేయడానికి కూలి ఇచ్చినా, కింద పాత చీరలు గాని వలలు గాని పరిచినా నిప్పు అవసరం చాలావరకు తగ్గుతుంది. ఫిబ్రవరి ముగిసేలోపు చెక్క చుట్టూ మూడు మీటర్ల వెడల్పున గడ్డి కోసి, ఆకు ఊడ్చి ఫైర్ లైన్ (నిప్పు దాటకుండా ఖాళీ గీత) తీయాలి. గుగ్గిలం, మద్ది ఆకు ఆ తరువాత కూడా రాలుతూనే ఉంటుంది కనుక మార్చిలో మరో రెండుసార్లు ఊడవకపోతే ఆ గీత ఉన్నా లేనట్టే.

మేకలను, ఆవులను కనీసం మూడేళ్ళు దూరంగా ఉంచాలి. గడ్డిని కొడవలితో కోసి తీసుకుపోవడానికి మాత్రం అనుమతించాలి, లేకపోతే కంచె ఎన్నాళ్ళూ నిలవదు. కోసేవారి కంట పడేలా ప్రతి పిలక పక్కనా ఒక కర్ర గుచ్చి గుడ్డపీలిక కట్టాలి.

గడ్డి, లాంటానా, ఆపైన నాటడం

దర్భ జాతి గడ్డి నడుమెత్తున అల్లుకున్న చోట కోయడం కన్నా వంచడం మేలు. కోస్తే అది మళ్ళీ ఇంతకింత లేస్తుంది. పలకకు రెండు వైపులా తాడు కట్టి, దాని మీద కాలు వేసి తొక్కుతూ పోతే గడ్డి నేలకు ఒరిగి చాపలా పడి ఉంటుంది, పిలకలకు ఎండ తగులుతుంది.

19వ శతాబ్దం మొదట్లో అలంకారం కోసం మన దేశానికి తెచ్చిన లాంటానాను కొమ్మలు నరికి వదిలేస్తే మళ్ళీ చిగురిస్తుంది. కాండం వేరుతో కలిసే చోటుకు ఒకటి రెండు అంగుళాల కింద, పండు పట్టకముందే గునపంతో తెంపి, పొదను తలకిందులుగా ఆరబెట్టాలి. నిటారు వాలు మీద అంతా ఒకేసారి తీస్తే మట్టి కోసుకుపోతుంది కనుక ఒక ఏడు ఒక పట్టీ తీయాలి. పిగిలిపిట్టలు దాని పండ్లు తిని విత్తనాలు వేస్తాయి కాబట్టి అవి వాలే చెట్ల కింద మరో రెండు మూడేళ్ళు మొలకలు పీకుతూనే ఉండాలి. అదే పిట్టలు నేరేడు విత్తనాలనూ తెచ్చి వేస్తాయి, అందుకే చెక్క నడుమ ఉన్న పెద్ద చెట్టును ఎండిపోయినదైనా సరే కొట్టకూడదు.

రెండో వానాకాలం దాటాక ఒక్కో మోడుకు రెండు మూడు బలమైన పిలకలను ఉంచి మిగతావి తీసేయవచ్చు, అవి వంటచెరకుగా ఊరికి పనికొస్తాయి.

లెక్కలో గడికి రెండు మూడు కూడా తేలని చోట మాత్రమే నాటాలి. గుగ్గిలం గింజ రాలిన వారం పది రోజులకే మొలకెత్తే శక్తి కోల్పోతుంది. తొలకరి ముందు ఏరిన గింజను సంచిలో దాచకుండా, ఆ వారంలోనే, పొద నీడ పడే వైపున రెక్కలు తీసి పైపైన మట్టి కప్పి వేయాలి. ఇప్పగింజ కూడా ఎక్కువకాలం నిలవ ఉండదు. ఒకే జాతిని వరుసలుగా పెట్టే నీలగిరి (యూకలిప్టస్) తోటను నేను అడవి లెక్కలో వేయను.

చివరగా, చెక్కకు ఎదురుగా ఉన్న రాతి మీద సున్నంతో గుర్తు పెట్టి, ఏటా దసరా దాటిన వారంలో అదే గుర్తు మీద నిలబడి, అదే దిక్కుగా ఒక ఫొటో తీసి, తేదీ, గడి లెక్క, డబ్బాలో నీళ్ళు ఇంకిన నిమిషాలు నోటు పుస్తకంలో దాని పక్కనే రాయాలి. మొదటి మూడేళ్ళ ఫొటోలు ఒకదానికొకటి తేడా లేనట్టే ఉంటాయి, అప్పుడు గ్రామసభలో చూపించవలసింది ఫొటో కాదు, గడి లెక్క.