ఎండలో పనిచేస్తే ఒళ్ళు ఎందుకు మొరాయిస్తుంది? లక్షణం, కారణం, చేయాల్సింది

ఎండలు ముదిరే నెలల్లో మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కలు ఏరడం, కొబ్బరి దింపు, ఉపాధి హామీ మట్టిపని అన్నీ ఒక్కసారే నడుస్తాయి. కవిటి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎక్కడ విన్నా అవే మాటలు: పిక్క పట్టేసింది, కళ్ళు తిరిగాయి, మూత్రంలో మంట. అన్నిటికీ జనం చెప్పే మందు ఒకటే, "నీళ్ళు తాగు" అని. అది సగం వైద్యమే. చెమటతో నీళ్ళతోపాటు ఉప్పు కూడా పోతుంది.

పిక్కలు, తొడలు పట్టేయడం

పని మధ్యలోనో, రాత్రి పడుకున్నాకో కండరం ముద్దకట్టి వదలదు.

ప్రతి కండర కణం చుట్టూ సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఈ తేడాను నిలబెట్టడానికి కణం పొరలో ఒక పంపు ఉంటుంది. అది మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ప్రతిసారీ కణానికి ఇంధనంలాంటి ఏటీపీ అణువు ఒకటి ఖర్చవుతుంది. ఈ తేడా ఉంటేనే నరం ఇచ్చిన ఆదేశం కండరానికి అందుతుంది. ఇంకో సంగతి, కండరం బిగుసుకోవడానికే కాదు, వదులు కావడానికీ ఏటీపీ కావాలి. గట్టి ఎండలో కష్టం చేస్తే గంటకు లీటరు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ చెమట పోతుంది. దానికి బదులు ఉత్త నీళ్ళే పోస్తూ ఉంటే రక్తంలో సోడియం పలచబడుతుంది. దానికి అలసట కూడా తోడై నరాలు ఆగకుండా ఆదేశాలు పంపితే కండరం పట్టేస్తుంది.

ముందు నీడకు చేరి, మోకాలు చాపి, కాలివేళ్ళను మొహం వైపు లాగి పట్టుకోవాలి. తర్వాత ఓఆర్‌ఎస్ (ఉప్పు, గ్లూకోజ్ ఉన్న పొడి కలిపిన నీళ్ళు) తాగాలి. చిన్నపేగు గోడ కణాల్లో ఒక ద్వారం ఉంది. ఒక గ్లూకోజ్ అణువు, రెండు సోడియం అయాన్లు జతగా వస్తేనే లోపలికి పంపుతుంది. వాటి వెంట నీరు వెళ్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థుల శిబిరంలో, బన్‌గావ్‌లో, డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులను ఈ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళతోనే కాపాడారు. పేకెట్ దొరక్కపోతే లీటరు మంచినీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ గీసినట్టు సమానంగా కొలిచి కలపండి. తియ్యగా ఉండాలని పంచదార పెంచితే పేగు నీటిని పీల్చుకునే బదులు ఎదురు వదులుతుంది. ఉప్పేసిన గంజి, చోడి (రాగి) అంబలి కూడా పనికొస్తాయి, పిండిపదార్థం పేగులో గ్లూకోజ్‌గానే మారుతుంది కాబట్టి. పొద్దున్నే అంబలి తాగి చేనుకి వెళ్ళే మామ్మలకి ఈ పాఠం నేనేం చెప్పను?

కొబ్బరినీళ్ళ సంగతి మాత్రం వేరు. మన దగ్గర చెట్టు కింద నిలబడితే చాలు, బొండం చేతికొస్తుంది. కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కాబట్టి పోయిన ఉప్పు దానితో తిరిగి రాదు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకైతే అది ప్రమాదం కూడా. బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఇంట్లో కిడ్నీ రోగి ఉంటే మర్యాదకైనా బొండం కొట్టివ్వకండి. బీపీ, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్ళు ఉప్పునీళ్ళు, ఓఆర్‌ఎస్ కూడా డాక్టరు చెప్పినంతే తాగాలి.

వంగి లేవగానే కళ్ళు తిరగడం

నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్ళలోకి దిగుతుంది. మెడ ధమనిలోని పీడన గ్రాహకాలు పసిగట్టి గుండె వేగం పెంచుతాయి, రక్తనాళాలను బిగిస్తాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు, పైగా వేడికి చర్మంలోని నాళాలు తెరుచుకుని ఉన్నప్పుడు, ఈ సర్దుబాటు చాలదు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి ఇది మాటిమాటికీ వస్తుంటే మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి, సొంతంగా మాత్ర మానకూడదు.

మూత్రం రంగు మారడం

నీరు తగ్గగానే పీయూష గ్రంథి నుంచి ఏడీహెచ్ హార్మోను వస్తుంది. కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్లు వడకట్టి, దాదాపు అంతా వెనక్కి తీసుకుంటాయి. ఏడీహెచ్ వస్తే ఇంకా పట్టుకుంటాయి, అందుకే చిక్కటి పసుపు. నీళ్ళు తాగాక లేత పసుపుకు వస్తే భయం లేదు. మంటతోపాటు జ్వరం ఉంటే ఇన్‌ఫెక్షన్ కావచ్చు, పరీక్ష చేయించాలి.

టీ డికాక్షన్ రంగులో వస్తే, ఒళ్ళంతా కండరాల నొప్పి కూడా ఉంటే, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. కండర కణాలు పగిలి వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీను బయటికొస్తే ఇలా అవుతుంది, అది కిడ్నీ గొట్టాలను దెబ్బతీస్తుంది.

ఇక్కడ నాకు కోపం తెప్పించేది నొప్పి ఇంజక్షన్. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వచ్చే రక్తనాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వాటినే ఆపేస్తాయి. రోజంతా చెమటలో తడిసినవాడు సాయంత్రం ఆ సూది పొడిపించుకోవడమంటే కిడ్నీకి రక్తం తగ్గించడమే. తప్పనిసరైతే సరైన మోతాదులో పారాసిటమాల్ మేలు.

మాట తడబడటం, మతి తప్పడం

ఇది వడదెబ్బ. చెమట పడుతున్నా సరే, ఒళ్ళు కాలిపోతూ మాట తేడాగా ఉంటే 108కి ఫోన్ చేసి, వచ్చేదాకా ఒంటిమీద నీళ్ళు పోస్తూ గట్టిగా విసరాలి. చెమట ఆవిరైతేనే వేడి పోతుంది. మన తీరపు ఉక్కలో అది కారిపోతుందే తప్ప ఆరదు, అందుకే గాలి ముఖ్యం. స్పృహ లేనివాళ్ళ నోట్లో ఏమీ పోయకండి.

ఏ లక్షణమూ లేకపోవడం

ఏ లక్షణమూ చూపకుండా ముదిరేది ఉద్దానంలో చాలామందిని పట్టిన దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. దానికి ఇదీ కారణం అని ఇంకా తేలలేదు. అది ఎక్కువగా కిడ్నీ గొట్టాలను, వాటి మధ్య కణజాలాన్ని దెబ్బతీస్తుంది. మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు, కాళ్ళు వాయవు. "వాపు లేదు కదా" అని ఊరుకునేది అందుకే. రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. అది కండరాల్లోని క్రియాటిన్ విరిగితే వచ్చే వ్యర్థం, కిడ్నీలు సగం పని మానేదాకా పెద్దగా పెరగకపోవచ్చు. పైగా కండ తక్కువున్న బక్కపలచటి ఆవిడకు క్రియాటినిన్ 1.2 వస్తే, కండపుష్టి ఉన్న కుర్రాడికి వచ్చిన 1.2తో సమానం కాదు. వయసు కూడా లెక్కలోకి తీసుకుని, కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో అంచనా వేసే ఈజీఎఫ్ఆర్ అంకె అడగండి. మూడు నెలలకు మించి 60 కన్నా తక్కువ ఉంటే అది దీర్ఘకాలిక జబ్బే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలైంది. పరీక్షకు ముందురోజు మాంసం, బరువు పని మానండి, రెండూ క్రియాటినిన్ పెంచుతాయి. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులన్నీ తీసుకెళ్ళండి. డాక్టరు చూసేది ఒక్క అంకె కాదు, అది ఎటు కదులుతోందని.