స్టీలు పడవ కట్టడం నేర్చుకుందాం – 4వ పాఠం: అడుగు ప్లేటు మీద పక్కలు నిలబెట్టడం

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క ముందు సరిచూసుకుందాం. 57 అడుగుల పొడవు, 6 అడుగుల 10 అంగుళాల వెడల్పు, 10 మి.మీ. మందం ఉన్న అడుగు ప్లేటు ఎంత తూగుతుంది? చదరపు మీటరుకు, ఒక్కో మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు. ఆ లెక్కన సుమారు 2,800 కిలోలు. ముందూ వెనకా సన్నబడే చోట కోసేసే ముక్కలు తీసేస్తే ఇంకాస్త తగ్గుతుంది. మీకు మరీ తేడాగా వస్తే అడుగుల్ని మీటర్లలోకి మార్చిన చోట వెతకండి.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక మాట. మనం అనుసరిస్తున్నది ఇంగ్లండులో ఇరుకు కాలువల మీద తిరిగే పడవ. అక్కడి లాకుల వెడల్పు ఏడడుగులకు అటూఇటూ ఉంటుంది కాబట్టి పడవ 6 అడుగుల 10 అంగుళాల దగ్గర ఆగింది. ప్లేటు మందం అడుగుభాగానికి 10, పక్కలకు 6, పైన గదికి 4 మి.మీ. అన్నది అక్కడ బాగా స్థిరపడిన కొలత. వంశధార కాలువలో దీన్ని తిప్పలేం, అది సాగునీటి కాలువ. అయినా పని నేర్చుకోడానికి ఇంతకంటే సులువైన పడవ లేదు. అడుగు బల్లపరుపుగా ఉంటుంది, పక్కలు చాలా దూరం తిన్నగా పోతాయి.

విశాఖ ఉక్కు పక్కనే ఉంది కదా, ప్లేటు అక్కడిదే తెచ్చుకోవచ్చా అని కొందరు అడిగారు. అక్కడ తయారయ్యేవి కడ్డీలు, వైరు, యాంగిళ్లు, ఛానెళ్లు. ప్లేటు భిలాయ్, రూర్కెలా లాంటి చోట్ల నుంచి రావాలి. ఎక్కడిదైనా ఐఎస్ 2062 (నిర్మాణాలకు వాడే ఉక్కుకు మన దేశపు ప్రమాణం) అన్నది బిల్లు మీద చూసి ఊరుకోకుండా ప్లేటు మీద కూడా చూడండి.

ఇక పనిలోకి. అడుగు ప్లేటును నేల మీద పరవకండి. మోకాలెత్తు స్టాండ్ల మీద బీములు వేసి, మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో లెవెల్ చూసి, వాటి మీద పరవండి. లేజర్ మిషన్ కొనాల్సిన అవసరం లేదు. మధ్యలో రంగు దారంతో పొడవునా ఒక గీత కొట్టండి. ఇకపై అన్ని కొలతలూ ఈ గీత నుంచే.

కొలతలు పొద్దున్నే తీసుకోవాలి. శ్రీకాకుళం ఎండలో మధ్యాహ్నానికి ప్లేటు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. పొద్దుటికన్నా 30 డిగ్రీలు పెరిగితే 57 అడుగుల ప్లేటు 6 మి.మీ. సాగుతుంది. ఒక పక్క పొద్దున, రెండో పక్క మిట్టమధ్యాహ్నం కొలిస్తే రెండూ ఎందుకు కలవడం లేదో తెలియక టెన్షన్ పడతారు.

పక్క ప్లేటును చైన్ బ్లాకుతో లేపి, అడుగు ప్లేటు అంచుకు 20 మి.మీ. లోపలగా నిలబెట్టండి. అంచుకు సరిసమానంగా పెట్టకూడదు. ఆ మిగిలిన అంచు మీద బయటి వెల్డు సౌకర్యంగా కూర్చుంటుంది. పడవ గట్టుకు రాసుకున్నా ముందు అరిగేది అంచే, వెల్డు కాదు. ఇంకోటి, అడుగులో ప్లేట్ల అతుకు వచ్చిన చోటే పక్కలోనూ అతుకు రానివ్వకండి.

గేట్లు, గ్రిల్స్ చేసి చేయి తిరిగినవాళ్లు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. గేటు పనిలో ఒక మూల పట్టుకుని గబగబా వెల్డు లాగేసినా నడిచిపోతుంది. ఇక్కడ అలా లాగితే 6 మి.మీ. ప్లేటు వేడికి అప్పడంలా ముడుచుకుంటుంది. కరిగిన లోహం చల్లారుతూ కుంచించుకుపోతుంది, పక్కనున్న ప్లేటును తనతో పాటు లాక్కుంటుంది. దాన్ని ఆపలేం. ఆ లాగుడు ఒకేచోట పోగుపడకుండా పంచడమే మన చేతిలో ఉన్నది.

అందుకని ముందు అన్నీ టాకులే, అంటే ప్లేట్లు కదలకుండా పట్టి ఉంచే చిన్న చిన్న వెల్డులే. అంగుళం పొడవు టాకు, జానెడుకొకటి. పడవ మధ్యలో మొదలుపెట్టి రెండు కొసల వైపూ వెళ్లండి, కుడి పక్క ఒకటి వేస్తే ఎడమ పక్క ఒకటి. పక్కలకు లోపల బలాన్నిచ్చే రిబ్బులు కూడా టాక్ చేసి, పక్కల వాలు డ్రాయింగుతో సరిపోయిందని చూసుకున్నాకే పూర్తి రన్, అంటే అతుకు పొడవునా వెల్డు, లాగాలి.

రన్‌లోనూ ఒక పద్ధతుంది. మధ్య నుంచి ఒక జానెడు ముందుకు జరగండి, అక్కడ ఆర్క్ కొట్టి మధ్య వైపు వెనక్కి లాగండి. మళ్లీ ఇంకో జానెడు ముందుకు జరిగి, ఇందాకటి ముక్క మొదలైన చోటికి లాగండి. పని ముందుకు పోతుంటుంది, రాడ్డు మాత్రం వెనక్కి నడుస్తుంది. ఇద్దరు వెల్డర్లుంటే ఎదురెదురు పక్కల్లో ఒకే వేగంతో వెళ్లండి. ఒకడు స్పీడని ముందుకు పోనివ్వకండి.

ఈ రన్‌కు 7018 రకం వెల్డింగ్ రాడ్డు మంచిది, కానీ పొడిగా ఉంటేనే. పెట్టె విప్పి వదిలేస్తే మన సముద్రపు గాలికి తేమ పడుతుంది, తేమ పట్టిన రాడ్డుతో వెల్డు పగిలే ప్రమాదం ఉంది. రాడ్లను వేడిగా, పొడిగా ఉంచే ఓవెన్ లేని షాపులో దాని జోలికి పోకపోవడమే నయం.

వచ్చే పాఠానికి హోంవర్కు. 10 మి.మీ. ముక్క మీద రెండడుగుల 6 మి.మీ. ముక్కను నిటారుగా టాక్ చేయండి. అలాంటివి రెండు జతలు కావాలి. ఒకదానికి ఒక వైపు నుంచే ఏకబిగిన రన్ లాగండి, రెండోదానికి ఆ వైపు నుంచే పైన చెప్పిన వెనకడుగు పద్ధతిలో. చల్లారాక మూలమట్టం పెట్టి ఎంత వాలిందో మిల్లీమీటర్లలో రాసుకోండి. తర్వాత వెల్డు ఉన్న వైపు సున్నం పూసి ఆరనిచ్చి, అవతలి సందులో బ్రష్‌తో కిరోసిన్, దొరక్కపోతే డీజిల్ రాయండి. కాసేపటికి సున్నం మీద తడి మచ్చ కనిపిస్తే అక్కడ చిల్లు ఉన్నట్టు. ఆ ముక్కల మీద మళ్లీ వెల్డింగ్ చేయకండి, సందులో నూనె మిగిలి మంటలు రావచ్చు. సుద్దముక్కతో వాటి మీద వాలు కొలత రాసి పక్కన పెట్టండి, రిబ్బుల పాఠంలో పనికొస్తాయి.