చల్లబడని పాత కూల్‌డ్రింక్ మెషీన్

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర పెట్టిన పాత వెండింగ్ మెషీన్ చల్లబడటం లేదంటే నేను ముందుగా చల్లబరిచే గ్యాస్ మాట ఎత్తను. ప్లగ్ తీసి, కింది జాలీ విప్పుతాను. పత్తి సీజన్‌లో వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేకుల మధ్య నూగు దుప్పటిలా పేరుకుంటుంది. రేకులు వంగకుండా, అవి ఉన్న వాటంలోనే మెత్తని బ్రష్‌తో దులపాలి. కరెంటు ఇచ్చాక ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి.

లోపల చల్లదనాన్నిచ్చే గొట్టాల చుట్ట, అంటే ఎవాపరేటర్‌పై మంచు గడ్డకట్టిందా? మెషీన్ ఆపి, తలుపు తెరిచి కరగనివ్వండి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గొట్టానికి చిల్లు పడుతుంది, ఆ ఖర్చు మీదే. తలుపు రబ్బరులో పది రూపాయల నోటు ఇరికించి లాగండి. సులువుగా జారితే రబ్బరు మార్చాలి.

గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ టక్కుమని ఆగిపోతుంటే అనుమానం దాన్ని స్టార్ట్ చేసే రిలే, కెపాసిటర్ల మీద. ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో కరెంటు మిగిలి ఉంటుంది, ముట్టకండి. లీకు వెతకకుండా గ్యాస్ నింపుతానన్న మెకానిక్‌ను మర్యాదగా పంపించేయండి.